వసీయత్, హిబా, విరాసత్: మీ కుటుంబానికి ఏ ఏర్పాటు కావాలి?

జనాజా అయిపోతుంది. బంధువులు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. నెల, రెండు నెలలకు బీరువాలోంచి కాగితాలు బయటికొస్తాయి. ఇంటి దస్తావేజు అబ్బా పేరు మీద ఉంటుంది. బ్యాంకులో నామినీ పెద్దకొడుకు. పొలం పాస్‌బుక్ ఇంకా దాదా పేరు మీదే. "ఈ ఇల్లు నీదే బేటా అని అబ్బా నాతో అన్నారు కదా" అంటాడు చిన్నోడు. "నా పెళ్ళికి ఖర్చు పెట్టారని నా హిస్సా పోతుందా భాయీ?" అని అడుగుతుంది ఆడపిల్ల. అమ్మీ మాట్లాడదు. ఆమె మహర్ ఎంత, ఇచ్చారా లేదా అన్నది మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మన ఇళ్ళల్లో ఇది కొత్త సంగతి కాదు. కారణం కూడా తెలిసిందే. బతికుండగా ఆస్తి మాట ఎత్తితే చావు కోరుకున్నట్టు అనుకుంటాం. మాట ఎత్తినవాళ్ళు కూడా సగం తెలిసీ తెలియక "ఒక వీలునామా రాసేస్తే సరిపోద్ది" అనుకుంటారు. ముస్లిం కుటుంబానికి అది సరిపోదు. మనకు దారులు మూడు: విరాసత్, వసీయత్, హిబా. మూడింటి పని వేరు, షరతులు వేరు. మీ ఇంటికి ఏది అవసరమో తేల్చుకోవడానికే ఈ వ్యాసం. ఇందులో చెప్పిన లెక్కలు సున్నీ హనఫీ పద్ధతివి. షియా పద్ధతిలో తేడా ఉన్నచోట చెప్పాం.

ముందు ఇది తెలుసుకోండి: ఏమీ రాయకపోతే ఏమవుతుంది?

ఏమీ రాయకుండా పోయినా ఆస్తి గాల్లో ఉండదు. 1937 షరియత్ అప్లికేషన్ చట్టం ప్రకారం ముస్లింల వారసత్వానికి షరియత్ నియమాలే వర్తిస్తాయి. ఖురాన్‌లోని సూరహ్ నిసా 11, 12, 176 ఆయతులు వాటాలు ఖరారు చేశాయి. మనిషి కన్నుమూసిన క్షణానే ఆ వాటాలు వారసులకు చెందిపోతాయి. తర్వాత జరిగేదంతా కాగితాల మీద పేర్లు మార్చుకోవడమే.

కానీ వాటాలకంటే ముందు మూడు పనులున్నాయి. వరుస తప్పకూడదు.

1. కఫన్ దఫన్ ఖర్చు.
2. అప్పులు. భార్యకు ఇవ్వాల్సిన మహర్ బాకీ కూడా అప్పే. అది ఆమె వాటాలో కలిసిపోదు. ముందు మహర్, తర్వాత వాటా.
3. వసీయత్ ఉంటే, మిగిలినదాంట్లో మూడో వంతు దాటకుండా.

ఆ తర్వాత మిగిలేదే వారసులది. ముఖ్యమైన వాటాలు ఇవీ:

- భార్య: పిల్లలుంటే 8వ వంతు, లేకుంటే 4వ వంతు. ఇద్దరు భార్యలుంటే అదే వాటాను ఇద్దరూ పంచుకోవాలి.
- భర్త: పిల్లలుంటే 4వ వంతు, లేకుంటే సగం.
- తల్లి: చనిపోయినవారికి పిల్లలుంటే 6వ వంతు. తండ్రికి కూడా, కొడుకు ఉన్నప్పుడు, 6వ వంతు.
- కొడుకులు, కూతుళ్ళు ఇద్దరూ ఉంటే: కూతురికి ఒక పాలు, కొడుకుకు రెండు పాళ్ళు.
- కొడుకు లేకుండా ఒక్క కూతురుంటే సగం. ఇద్దరు లేదా ఎక్కువమంది కూతుళ్ళుంటే అందరికీ కలిపి మూడింట రెండు వంతులు.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన ఆస్తి 46 లక్షలు. కఫన్ దఫన్ ఖర్చు, బ్యాంకు లోను, మహర్ బాకీ కలిపి 6 లక్షలు పోతే 40 లక్షలు మిగిలింది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్యకు 8వ వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షలు ఐదు పాళ్ళు చేస్తే ఒక్కో కొడుకుకు 14 లక్షలు, కూతురికి 7 లక్షలు. కూతురి పెళ్ళికి ఎంత ఖర్చు పెట్టారు, జహేజ్ ఎంత ఇచ్చారు అన్నది ఈ లెక్కలోకి రాదు. షరియత్‌లో జహేజ్ విరాసత్‌కు బదులు కాదు.

ఇంకో సంగతి. మనలో హిందూ ఉమ్మడి కుటుంబం లాంటి పద్ధతి లేదు. తండ్రి బతికుండగా కొడుక్కు పుట్టుకతో వచ్చే హక్కు ఏదీ ఉండదు. అందుకే "అబ్బా, నా భాగం నాకు పంచియ్యండి" అని కొడుకు అడగలేడు. తండ్రి ఇష్టపడి ఇస్తే అది భాగం పంపకం కాదు, హిబా అవుతుంది. హిబా షరతులు నెరవేరకపోతే చెల్లదు. తండ్రి బతికుండగా వారసుల మధ్య జరిగిన పంపకాన్ని ముస్లిం లా గుర్తించదని 2024 డిసెంబరులో ఒక కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్న "ఫ్యామిలీ పంపకాలు" ఇక్కడే దెబ్బతింటాయి.

వసీయత్: మూడో వంతు వరకే, వారసులకు కాదు

వసీయత్ అంటే నేను పోయాక ఇది ఫలానావారికి ఇవ్వండి అని చెప్పిపోవడం. ప్రాణం ఉన్నంతవరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దీనికి రెండు హద్దులున్నాయి.

మొదటిది, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్కాస్ (ర.అ.) జబ్బు చేసి ఆస్తిలో ఎక్కువ భాగం దానం చేయాలనుకున్నప్పుడు దైవప్రవక్త (స.అ.స.) మూడో వంతు దగ్గర ఆపారు. అది కూడా ఎక్కువేనని, వారసులను చేయి చాచే స్థితిలో వదలడం కంటే కలిగినవారిగా వదలడం మేలని చెప్పిన హదీస్ మనందరికీ తెలుసు. మూడో వంతు దాటి రాస్తే, ఆయన పోయాక వారసులంతా ఒప్పుకుంటేనే ఆ ఎక్కువ భాగం చెల్లుతుంది.

రెండోది, వారసుడికి వసీయత్ లేదు. "ఇల్లు పెద్దకొడుకుకే" అని రాస్తే మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ ఒప్పుకోలు కూడా ఆయన పోయిన తర్వాతే ఇవ్వాలి. బతికుండగా ముందే సంతకాలు తీసుకుని పెట్టుకుంటే పని చేయదు. షియా పద్ధతిలో మాత్రం మూడో వంతు వరకు వారసుడికి కూడా రాయవచ్చు.

మరి వసీయత్ ఎవరి కోసం? వాటా రాని వాళ్ళ కోసం. మనవడు, పెంచుకున్న బిడ్డ, ఇంట్లో ఏళ్ళ తరబడి పని చేసిన మనిషి, మస్జిద్, మద్రసా, సదఖా జారియా. పిల్లలు చిన్నవాళ్ళయితే ఇంకో గొప్ప ఉపయోగం ఉంది, అది కింద చెబుతాం.

ముస్లిం వసీయత్‌కు ఫలానా ఫారం అంటూ లేదు. నోటి మాటైనా చట్టంలో చెల్లుతుంది. కానీ నోటి వసీయత్‌ను కోర్టులో నిరూపించడం చాలా కష్టం. కాబట్టి కాగితం మీద రాయండి. వాటా వచ్చేవాళ్ళు కాకుండా ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా తర్వాత "ఆ సంతకం అబ్బాది కాదు" అనే గొడవ తగ్గుతుంది. వీలునామాకు స్టాంపు డ్యూటీ ఉండదు.

హిబా: చేయి దాటితేనే హిబా

హిబా అంటే బతికుండగానే ఇచ్చేయడం. దీనికి మూడో వంతు హద్దు లేదు. వారసుడికైనా, బయటివాడికైనా ఇవ్వవచ్చు. కానీ మూడు షరతులు తప్పవు: ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని అవతలివారు ఒప్పుకోవడం, ఖబ్జా, అంటే స్వాధీనం అప్పగించడం. మూడోది లేకపోతే మొదటి రెండూ వృథా.

ఎక్కువ ఇళ్ళల్లో హిబా ఓడిపోయేది ఈ మూడో దగ్గరే. "నీకే రాసిచ్చా" అంటారు, కానీ కిరాయి తామే వసూలు చేసుకుంటారు, ఇంటి పన్ను తమ పేరు మీదే కడతారు, కాగితాలు తమ దగ్గరే ఉంచుకుంటారు. తర్వాత కోర్టు అడిగేది ఒక్కటే: ఇచ్చారు సరే, వదిలారా?

మన విశాఖపట్నం కుటుంబం ఒకటి ఈ సంగతి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1968లో ఒక తండ్రి కొడుకుల్లో ఒకరికి హిబా కాగితం రాశారు, రిజిస్టర్ చేయలేదు. అదే ఏడాది ఆయన పోయారు. మిగతావాళ్ళు వాటా కోసం కోర్టుకెళ్ళారు. కింది కోర్టు ఒకలా, హైకోర్టు ఇంకోలా చెప్పాక, 2011లో సుప్రీంకోర్టు తేల్చింది: ముస్లిం హిబా మూడు షరతులు నెరవేరితే కాగితం రిజిస్టర్ కాలేదన్న కారణంతో కొట్టేయలేం. గెలిచినవాళ్ళు గెలిచారు. కానీ 1968లో రాసిన కాగితానికి 2011లో తీర్పు. తీర్పు వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది.

దీనికి అవతలి వైపు చూడండి. ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన కలబురగి నుంచి వచ్చిన కేసులో నోటి హిబా జరిగిందని చెప్పి, దశాబ్దాల తర్వాత భూమి అడిగారు. రెవెన్యూ రికార్డులో పేరు మారలేదు, స్వాధీనానికి రుజువు లేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నోటి హిబా చెల్లుతుంది, కానీ దాన్ని ఎప్పుడో ఒకరోజు జేబులోంచి తీసి చూపించడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం.

రెండు తీర్పులూ కలిపి మనకు చెప్పేది ఒక్కటే. రిజిస్టర్ చేయకపోయినా హిబా బతకవచ్చు, స్వాధీనం ఇవ్వకపోతే మాత్రం బతకదు. తెలివైన పని రెండూ చేయడం. రిజిస్టర్డ్ హిబా రాయించండి. ఇంటి పన్ను, కరెంటు మీటరు, పొలమైతే పాస్‌బుక్ పేరు మార్పించండి. కిరాయిదారుకు "ఇకనుంచి కిరాయి ఫలానావారికి ఇవ్వండి" అని రాసివ్వండి. కుటుంబంలోనే ఇచ్చే గిఫ్టుకు స్టాంపు డ్యూటీ ఎంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి. ఏపీలో, తెలంగాణలో రేట్లు వేరు, మారుతుంటాయి.

భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటే భర్త ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాల్సిన పని లేదు. పేరు మార్పు, కాగితాల అప్పగింత చాలు. మైనర్ బిడ్డకు తండ్రి ఇస్తే తండ్రే సంరక్షకుడు కాబట్టి స్వాధీనం మార్చక్కర్లేదు. కానీ మహర్ బాకీకి బదులుగా భార్యకు ఇల్లు రాస్తే అది మామూలు హిబా కాదు, అమ్మకం కిందకు వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

హిబాలో ఇంకో మూడు జాగ్రత్తలు:

- వెనక్కి రాదు. స్వాధీనం ఇచ్చాక భార్యాభర్తల మధ్య, దగ్గరి రక్తసంబంధీకుల మధ్య హిబా తిరిగి తీసుకోలేరు.
- చావుబతుకుల జబ్బులో, అంటే మర్జుల్ మౌత్‌లో ఇచ్చిన హిబాను వసీయత్ లెక్కలోనే చూస్తారు. ఐసీయూ బెడ్డు మీద వేలిముద్ర తీసుకుంటే అందుకే పనికిరాదు.
- పిల్లల మధ్య న్యాయం. నూమాన్ బిన్ బషీర్ (ర.అ.) తండ్రి ఒక్క కొడుక్కే కానుక ఇచ్చి సాక్షిగా ఉండమంటే, మిగతా పిల్లలకూ ఇచ్చావా అని దైవప్రవక్త (స.అ.స.) అడిగారు. లేదనేసరికి సాక్షిగా ఉండనన్నారు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మనసాక్షి ఒప్పుకున్నట్టు కాదు. బతికుండగా ఇచ్చేటప్పుడు కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా ఇవ్వమనే చాలామంది హనఫీ ఉలమా చెబుతారు. ఒకరికి ఎక్కువ ఇవ్వడానికి అంగవైకల్యం, జబ్బు లాంటి సరైన కారణముంటే ముఫ్తీ సాబ్‌తో మాట్లాడి, కారణం కాగితంలో రాయండి.

నామినీ వారసుడు కాదు

బ్యాంకులో నామినీ పేరు పెడితే డబ్బు అతనిదే అనుకుంటాం. కాదు. నామినీ డబ్బు తీసుకునే మనిషి, అంతే. తీసుకున్నది వారసులకు వాటాల ప్రకారం పంచాలి. ఇన్సూరెన్స్ విషయంలో 1984లో, కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2015 సవరణ తర్వాత ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే వేరే నియమం వచ్చింది, దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. చట్టం సంగతి ఏదైనా, అల్లాహ్ ముందు వాటా ఎవరిదో మనకు తెలుసు.

నామినీ పెట్టకపోతే మాత్రం ఇబ్బందే. డబ్బు బయటికి రావడానికి సక్సెషన్ సర్టిఫికెట్ కోసం సివిల్ కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా చెప్పవచ్చు. వీలైతే షరియత్ వాటాలకు దగ్గరగా ఆ శాతాలు పెట్టుకోండి. సగం తగాదా అక్కడే తీరుతుంది.

మీ ఇల్లు ఏ రకం?

ఇప్పుడు అసలు ప్రశ్న. కింద మీ ఇంటికి దగ్గరగా ఉన్నది చూడండి.

*భార్య, పెద్దవాళ్ళైన కొడుకులు, కూతుళ్ళు. గొడవలు లేవు.* మీకు పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. విరాసత్ తన పని తాను చేస్తుంది. ఆస్తుల, అప్పుల లిస్టు రాసి పెట్టండి. మహర్ బాకీ ఉంటే బతికుండగానే ఇచ్చేయండి. కూతుళ్ళ వాటా కూతుళ్ళదేనని కొడుకులకు మీ నోటితో చెప్పండి. మీరు చెప్పిన ఆ మాట కొడుకుల మీద ఏ కాగితం కంటే ఎక్కువ పని చేస్తుంది.

*కూతుళ్ళే, కొడుకులు లేరు.* చాలామందిని నిద్ర పట్టనివ్వని ఇల్లు ఇదే. ఒకాయనకు అన్నీ పోగా 24 లక్షలు ఉందనుకోండి. భార్య, ఒక్క కూతురు, ఒక తమ్ముడు. భార్యకు 3 లక్షలు, కూతురికి సగం అంటే 12 లక్షలు, మిగిలిన 9 లక్షలు తమ్ముడికి. అంతా కూతురికే అని వసీయత్ రాస్తే చెల్లదు, ఆమె వారసురాలు కాబట్టి. ఇల్లు కూతురికి ఇవ్వాలనే ఉంటే దారి హిబా ఒక్కటే, అది కూడా ఆరోగ్యంగా ఉన్నప్పుడు, స్వాధీనంతో సహా. ఇంకో మాట: ఆ తమ్ముడికి వాటా ఊరికే రాలేదు, అన్న కుటుంబాన్ని చూసుకునే బాధ్యతతో వచ్చింది. బాధ్యత తీసుకునే తమ్ముడుంటే ఆయనతో కూర్చుని మాట్లాడి చేసిన హిబా తర్వాత కోర్టుకు వెళ్ళదు. పెళ్ళిని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయించుకుంటే వారసత్వం ఇండియన్ సక్సెషన్ యాక్ట్ కిందకు మారుతుంది. కేరళలో 2023లో ఒక ముస్లిం జంట కూతుళ్ళ కోసం అలా చేసింది. అది షరియత్ వారసత్వాన్నే వదిలేసి వెళ్ళే దారి కాబట్టి ఉలమా ఒప్పుకోరు. తెలిసే నిర్ణయం తీసుకోండి.

*కొడుకు ముందే పోయాడు, మనవలు ఉన్నారు.* ఇంకో కొడుకు బతికుంటే, పోయిన కొడుకు పిల్లలకు దాదా ఆస్తిలో వాటా రాదు. యతీములకు ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. తలుపు మాత్రం మూసి లేదు. మనవలు వారసులు కాలేదు కాబట్టి వాళ్ళకు వసీయత్ రాయవచ్చు. 30 లక్షల ఆస్తిలో 10 లక్షల వరకు ఎవరి ఒప్పుకోలూ లేకుండా వాళ్ళకు వెళ్తుంది. మీ ఇంట్లో ఈ పరిస్థితి ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి, ముందు ఆ వసీయత్ రాయించండి.

*పిల్లలు చిన్నవాళ్ళు.* ముప్పై, నలభై ఏళ్ళ తండ్రి "నాకు ఇప్పుడే వసీయత్ ఏంటి" అంటాడు. అసలు అవసరం అతనికే. ముస్లిం లాలో మైనర్ పిల్లల ఆస్తికి తల్లి సహజ సంరక్షకురాలు కాదు. తండ్రి, ఆయన నియమించిన వసీ, తర్వాత దాదా. తండ్రి పోతే పిల్లల స్కూలు ఫీజు కోసం స్థలం అమ్మాలన్నా తల్లి సంతకం చెల్లదు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. తండ్రి వసీయత్‌లో భార్యను వసీగా రాస్తే ఆమె చేతికి అధికారం వస్తుంది. అది కూడా పిల్లల అవసరం మేరకే. రెండు పేజీల కాగితం ఆమెను ఏళ్ళ తరబడి కోర్టు తిరుగుడు నుంచి తప్పిస్తుంది.

*పెంచుకున్న బిడ్డ.* షరియత్‌లో దత్తతతో వారసత్వం రాదు. మూడో వంతు వరకు వసీయత్, అంతకంటే ఎక్కువ కావాలంటే హిబా. బిడ్డ మైనర్ అయితే ఎవరు చూసుకుంటారో కూడా రాయండి.

*పిల్లలు లేని భార్యాభర్తలు.* భర్త పోతే భార్యకు 4వ వంతే, మిగిలినది భర్త అన్నదమ్ములకు, ఇతర వారసులకు. 2025 అక్టోబరులో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి భార్యకు 4వ వంతే అని మళ్ళీ చెప్పింది. నివసించే ఇల్లు భార్యకు ఉండాలంటే బతికుండగా హిబా చేయాలి. లేకపోతే వయసు మళ్ళాక ఆమె కిరాయి ఇంటికి పోవాల్సి వస్తుంది.

*పెద్దవయసు, ఒకరి మీద ఆధారం.* అంతా కొడుకు పేరున హిబా చేసి, తర్వాత వసారాలో మంచం వేసుకున్న పెద్దవాళ్ళను మనం చూశాం. ఉన్న ఒక్క ఇల్లు హిబా చేయకండి. చేయాల్సి వస్తే, పోషణ చూసుకోవాలన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌లో పత్రం రద్దు కోరవచ్చు. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది.

*గల్ఫ్‌లో సంపాదన.* దుబాయ్ నుంచి, జెద్దా నుంచి పంపిన డబ్బుతో ఊర్లో స్థలం కొంటారు, పేరు మాత్రం అబ్బాది లేదా భాయిది. కాగితం ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు పోయినప్పుడు వాళ్ళ వారసులందరికీ అందులో వాటా వస్తుంది. "డబ్బు నాది" అని తర్వాత కోర్టులో అనాలంటే బినామీ చట్టం అడ్డొస్తుంది. అన్నదమ్ముల పేరున గానీ తల్లిదండ్రుల పేరున గానీ కొంటే, మీ పేరు కూడా జాయింటుగా ఉండాలి. ఇంకో సంగతి: మీరు భాయికి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీ ప్రాణంతోనే ముగుస్తుంది. మీరు పోయాక దానితో ఏ సంతకం పెట్టినా చెల్లదు.

*పిల్లలు అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడ్డారు.* అక్కడ వీలునామా రాయకుండా పోతే అక్కడి చట్టమే పంచుతుంది, షరియత్ వాటాలు వాటంతట అవి రావు. వాళ్ళు అక్కడి లాయరుతో షరియత్‌కు తగిన విల్ రాయించుకోవాలి. ఇండియాలో ఉన్న ఇల్లూ భూమికి మాత్రం ఇక్కడి చట్టమే.

వక్ఫ్ అలల్ ఔలాద్

ఆస్తి అమ్ముడుపోకుండా తరతరాలకు ఆదాయం రావాలని కొందరు వక్ఫ్ అలల్ ఔలాద్ చేస్తారు. 1913 చట్టం దీన్ని గుర్తించింది. 2025 సవరణ తర్వాత దీనివల్ల ఆడవాళ్ళ వారసత్వ హక్కు పోకూడదని చట్టంలోనే రాశారు. ఒకసారి వక్ఫ్ అయితే అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. మామూలు కుటుంబానికి ఇది అవసరం తక్కువ. సదఖా జారియా కోసమైతే మూడో వంతు వసీయత్ చాలు.

అక్కచెల్లెళ్ళ సంతకం

చాలా ఇళ్ళల్లో అబ్బా పోయాక ఆపాలను పిలిచి "ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో పెట్టేస్తారు. అబ్బా బతికుండగా ఆమె వదులుకున్నా అది చెల్లదు, ఎందుకంటే అప్పటికి ఆమెకు హక్కే పుట్టలేదు. పోయాక వదులుకోవాలంటే ఆమె వాటా ఎంతో రూపాయల్లో ముందు ఆమెకు చెప్పాలి. తర్వాత ఆమె ఇష్టంతో ఇస్తే రిజిస్టర్డ్ పత్రం రాయాలి. ముఖం చూడలేక పెట్టిన సంతకం దీన్‌లో ఇష్టం అవ్వదు.

ఈ నెలలో చేయాల్సినవి

1. ఒక కాపీ పుస్తకంలో ఆస్తులు, అప్పులు, మహర్ బాకీ, మీకు రావాల్సినవి, అమానత్‌లు రాయండి. ఎక్కడ ఏ కాగితం ఉందో భార్యకు చూపించండి.
2. ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీసి పెట్టండి. పొలం ఉంటే తెలంగాణలో భూభారతిలో, ఏపీలో మీభూమిలో ఎవరి పేరు ఉందో చూడండి. అసైన్డ్ భూమి అయితే తహసీల్దార్ ఆఫీసులో అడగకుండా ఏమీ రాయకండి.
3. దాదా పేరు మీదే ఉండిపోయిన ఆస్తి ఉంటే ముందు దాని వాటాలు తేల్చుకోండి. మీది కానిది మీరు వసీయత్ చేయలేరు, హిబా చేయలేరు.
4. బ్యాంకు, ఇన్సూరెన్స్, పీఎఫ్ నామినీలు సరిచూడండి.
5. మీ ఇల్లు పైన చెప్పిన వాటిలో ఏదో తేల్చుకుని, ముఫ్తీ సాబ్ దగ్గర వాటాలు రాయించుకోండి. తర్వాత లాయరు దగ్గరకు వెళ్ళండి. ఫత్వా షరియత్ లెక్క చెబుతుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని చేసేది పత్రం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి.
6. ఎవరైనా పోతే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వెంటనే మీ సేవలో దరఖాస్తు పెట్టండి. అందులో కూతుళ్ళ పేర్లు, అమ్మీ పేరు తప్పకుండా ఉండేలా చూడండి. అక్కడ పేరు తప్పితే తర్వాత వాటా కోసం కోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది.

ఆస్తి ఎంత ఉందన్నది పెద్ద సంగతి కాదు. రెండు గదుల ఇల్లు కూడా అన్నదమ్ములను జీవితాంతం మాట్లాడుకోకుండా చేయగలదు. అబ్బా బతికుండగా ఒక శుక్రవారం జుమా తర్వాత పిల్లలందరినీ కూర్చోబెట్టి, కోడలు, అల్లుడు, ఆపా అందరి ముందు ఇది ఇట్లా అని చెప్పేస్తే చాలు. ఆ తర్వాత కాగితాలు రాయించడం ఇన్షాఅల్లాహ్ రెండు రోజుల పని.